నేను తీయని టిక్కు

కిందటి వారం మా ఇంట్లో కొత్త టీవీ నా పరువు తీసింది. దాని తప్పేమీ లేదు లెండి. పెట్టె విప్పిన రోజున అది అడిగిన ప్రతి ప్రశ్నకూ, చదవకుండా, పెళ్ళిపీటల మీద పురోహితుడి మంత్రానికి మమ అన్నట్టు, సరే సరే అని నొక్కుకుంటూ పోయినవాణ్ణి నేనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక, వెంగళరావు నగర్‌లోని మా ముందుగదిలో పక్కింటి దంపతులు మజ్జిగ తాగుతూ కూర్చుని ఉండగా, ఎంతసేపటికీ ఎవరూ తనను పట్టించుకోకపోవడంతో విసుగెత్తిన ఆ టీవీ, తనంతట తానే నా ఫోనులోని బొమ్మలను గోడంత చేసి చూపించడం మొదలుపెట్టింది. ముందు పార్కులో గన్నేరు పువ్వు, తరువాత నా మోకాలి ఎక్స్‌రే, ఆ తరువాత డాక్టరుకు పంపడానికి నేనే తీసుకున్న నా నాలుక. పక్కింటాయన మర్యాదస్తుడు గనక గన్నేరు పువ్వు గురించే మాట్లాడాడు. మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం రిమోట్ కోసం కూడా వెతక్కుండా లేచి వెళ్ళి ప్లగ్గు పీకేశాను. ఒక నాలుక కోసం ఇంత కంగారేమిటని వాళ్ళనుకొని ఉంటారు.

ముందే ఒప్పేసుకుంటాను, ఈ తెలివితక్కువ పని నేను చేయడం ఇది రెండోసారి. మొదటిసారి చేసినప్పుడు పోయింది నా పరువు కాదు. అప్పుడు నేను సరిగ్గా చేయవలసినవి రెండే పనులు, ఫోటోలు తీయడం, టిక్కు తీయడం. ఫోటోలు చాలా బాగా తీశాను. టిక్కు తీయలేదు.

మా తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అమీర్‌పేటలో ప్రతి మెట్లదారికీ ఒక కంప్యూటర్ బోర్డు వేలాడిన రోజులు, ఇరవైమంది పట్టే గదిలో అరవైమందిమి కూర్చుని ఒకరి వీపు మీద ఇంకొకరం నోట్సు రాసుకున్న రోజులు. నాతో పాటు వీపులు పంచుకున్నవాళ్ళందరూ మాదాపూర్ వైపు కొత్తగా లేస్తున్న అద్దాల మేడల్లోకి ఎగిరిపోయారు. సాఫ్ట్‌వేర్‌కు మనిషి మెత్తగా ఉంటే చాలనుకున్న నేను మాత్రం అక్కడే మిగిలిపోయి, చివరికి మా పిన్ని మాట సాయంతో ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా నిర్మాణ సంస్థ ఆఫీసులో కంప్యూటర్ మనిషిగా కుదురుకున్నాను. ఉత్తరాలు టైపు చేయడం, షూటింగ్ ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించడం, మెయిళ్ళు పంపడం, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాలు లాగడం నా పని. పొరుగువాళ్ళు అడిగితే ఐటీ అని చెప్పేవాణ్ణి. అబద్ధం కూడా కాదు.

పిన్ని మా అమ్మకు స్వయానా చెల్లెలు. తెనాలిలో నాటకాలు వేసి, మద్రాసులో చిన్న వేషాలు వేసి, పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చి శ్రీనగర్ కాలనీలో ఒక మేడమీది వాటాలో స్థిరపడింది. పిల్లలు లేరు. చదువు పేరు చెప్పి వచ్చిన నన్ను ఎన్నాళ్ళుంటావని ఒక్కసారైనా అడగకుండా ఉంచుకుంది. బాబాయి ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి, మాట చాలా పొదుపు. ముప్పై ఏళ్ళు ప్రూఫులు పైకి చదివి చదివి, ఇంట్లో పేపరు చదివినా కామా, ఫుల్‌స్టాప్ అని పలికి మరీ చదివేవాడు. పిన్నికి అది విని విని ఎంత అలవాటంటే, ఆయన ఏ రోజైనా మరిచిపోతే, కామా ఏదండీ, ఆ మంత్రిగారికి ఊపిరాడట్లేదు అనేది.

సినిమాల్లో పిన్నివి తల్లి వేషాలు. నటన గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు గాని, ఆమె హారతి గురించి మాత్రం జూబ్లీ హిల్స్ నుంచి కృష్ణానగర్ దాకా మాట్లాడుకునేవాళ్ళు. సినిమా మొదలయ్యే రోజున దేవుడి పటాల మీద మొదటి షాటు తీస్తారు, ముహూర్తం షాటంటారు. అప్పుడు ఒక ముత్తైదువ వచ్చి హీరోకీ కెమెరాకీ హారతి ఇవ్వాలి. ఎప్పుడో పిన్ని హారతిచ్చిన మూడు సినిమాలు వరసగా ఆడాయి. అంతే, ఆ చేయి మంచిదన్నారు. సైన్సు చదువుకున్న దర్శకులు కూడా ఆమె కాల్షీటు దొరికిన రోజునే ముహూర్తం పెట్టించుకున్నారు. హారతిచ్చిన మనిషికి అదే సినిమాలో తల్లి వేషం ఇవ్వడం ఆనవాయితీ. కనక పిన్ని బతుకుతెరువంతా ఆ ఇత్తడి పళ్ళెంలో ఉండేది.

ఆమెకు జబ్బు చేసింది. దాని పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు, నేనూ ఇక్కడ రాయను. మందులు గట్టివి, రెండు నెలలు తిరిగేసరికి నడుం దాటే జుట్టు దువ్వెనకు వచ్చేసి, ఆఖరికి తల నున్నగా మిగిలింది. ఆమె భయపడింది జబ్బుకు కాదు. నన్నూ, ఆమెకు పన్నెండేళ్ళుగా తల దువ్వుతున్న హెయిర్ డ్రెసర్ అక్కనూ ఎదురుగా కూర్చోబెట్టి, బాబాయి వింటుండగా చెప్పింది. "జబ్బుకి మందుంది నాన్నా. జబ్బని తెలిస్తే దానికి లేదు. ఈ గది దాటి ఒక్క మాట పోతే నేను బతికుండగానే పోయినట్టు."

మద్రాసులో విగ్గులు కట్టే పెద్దాయన ఒకాయన ఉండేవారు, ఆయన కడితే వెంట్రుకకు కూడా తెలియదనేవారు. కాని పిన్నికి ప్రయాణం చేసే ఓపిక లేదు. తల కొలతలూ, నాలుగు వైపుల నుంచి ఫోటోలూ పంపితే కట్టి పంపిస్తానన్నారు. బయట స్టూడియోకు వెళ్ళే ప్రశ్నే లేదు. షూటింగులో బొట్టూ గాజులూ ఒక షాటుకూ ఇంకో షాటుకూ మారకుండా ఫోటోలు తీసుకోవడానికి మా ఆఫీసులో ఒక డిజిటల్ కెమెరా కొన్నారు, దాన్ని ఒక ఆదివారం అడిగి తెచ్చాను. ముప్పై ఏళ్ళు కెమెరాల ముందు నిలబడిన మనిషి, ఆ రోజు మా ముందుగదిలో క్యాలెండర్ పక్కన నిలబడి, కొంగు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడింది. అక్క టేపు పట్టుకొని కొలతలు చెబుతుంటే బాబాయి రాసుకున్నాడు. ఎడమ, కుడి, వెనక తీశాను. ఎదురుగా తీసేటప్పుడు, నవ్వాలా వద్దా అనడిగింది. విగ్గుకు నవ్వెందుకు పిన్నీ అన్నాను. అయినా నవ్వింది. అలవాటు మరి. పెద్ద బొట్టూ, మెడలో సూత్రాలూ, పైన ఒక్క వెంట్రుక లేని తలా. చెబితే నమ్మరు గాని, ఆమె అంత అందంగా ఉన్న ఫోటో నేను మరొకటి చూడలేదు.

ఇంట్లో ఇంటర్నెట్ ఎక్కడిది. ఆ నాలుగు ఫోటోలూ ఆఫీసు ముందుహాల్లో ఉండే నా కంప్యూటర్లో ఎక్కించి అక్కడినుంచే మద్రాసుకు పంపాను. వాటిని ఉంచిన ఫోల్డరుకు పాత ఫ్యాక్సులు అని పేరు పెట్టి, దాన్ని ఇంకో ఫోల్డరులో, దాన్ని మరొకదానిలో దాచి, నా గూఢచారి బుద్ధికి నేనే మురిసిపోయాను. పాత ఫ్యాక్సులు చూడాలని ఏ మనిషికి బుద్ధి పుడుతుంది? మనిషికి పుట్టదు, నిజమే. విగ్గు వచ్చింది. పిన్ని దాన్ని పెట్టుకొని రెండు సినిమాల్లో మిగిలిన పని పూర్తి చేసింది. ఒక హీరోయిన్ అయితే, మీ జుట్టుకు ఏం రాస్తారమ్మా అని కూడా అడిగింది. అప్పుడైనా ఆ ఫోటోలు చెరిపేయవలసింది. ఇంకో విగ్గు కావలసివస్తే మళ్ళీ ఆమెను అలా నిలబెట్టడం ఎందుకని ఉంచాను. ప్రేమతోనే ఉంచాను, అదే నా ఖర్మ.

మా ఆఫీసులో ప్రొడక్షన్ మేనేజర్ ఒకాయన ఉండేవాడు. తెల్లచొక్కా, జేబులో ఆకుపచ్చ సిరా పెన్ను. ఆర్టిస్టులకు కబుర్లూ, కార్ల చీటీలూ, అన్నీ ఆ ఆకుపచ్చ సిరాతోనే. ఫిల్మ్ నగర్‌లో ఆ సిరా గుర్తుపట్టని మనిషి లేడు. నన్ను పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఒకరోజు హాల్లోకి వచ్చి, "ఏవయ్యా కంప్యూటరూ, వచ్చినవాళ్ళు గోడలు చూస్తూ కూర్చుంటున్నారు. ఆ పెట్టెలో మన సినిమాల స్టిల్స్ తిప్పచ్చు కదా. ఖాళీగా కూర్చుని ఏం చేస్తోందది, నీలాగా?" అన్నాడు.

కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో స్క్రీన్ సేవర్ ఒకటి దొరికింది. ఆ రోజుల్లో స్క్రీన్ సేవర్ అంటే తెరను కాపాడేదని, ఒకే బొమ్మ గంటల తరబడి నిలిచిపోతే గాజు మీద మచ్చ పడుతుందని, అందుకే బొమ్మలు కదులుతుండాలని మాకు పాఠం చెప్పారు. తెరను కాపాడేది తెరవెనుక మనిషినేం చేస్తుందో చెప్పలేదు. సీడీ పెట్టి, నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుతూ గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినంత భక్తిగా మూడు చుట్లు తిరిగి ఫినిష్ నొక్కాను. ఆ మధ్యలో ఒక గడి ఉంది. ఈ కంప్యూటర్లోని బొమ్మలన్నీ చూపించు అని దాని పక్కన రాసి ఉంది, అందులో టిక్కు ముందే పెట్టి ఉంది. పెట్టింది నేను కాదు. దాన్ని డిఫాల్ట్ అంటారు. అంటే మనం అడగకపోయినా మన తరఫున ఎవరో ముందే ఒప్పేసుకున్నారన్నమాట. పెళ్ళికి పిల్ల తరఫున మేనమామ ఒప్పుకున్నట్టు. ఐదు నిమిషాలు మౌస్ ముట్టుకోకుండా కూర్చుని చూశాను. మా సినిమాల స్టిల్స్ ఒక్కొక్కటే వచ్చాయి. మేనేజర్ కూడా చూసి, పర్లేదయ్యా, నువ్వూ పనికొస్తావు అన్నాడు. ఆ స్టిల్స్ వందల్లో ఉన్నాయి. అవన్నీ తిరిగి తిరిగి అయిపోయాక అది మిగతా ఫోల్డర్లలోకి నడుస్తుందని నాకు తెలియలేదు. రోజంతా ఆ కంప్యూటర్ మీద నేనే పని చేస్తుండడంతో, అన్నాళ్ళూ అంత దూరం నడిచే తీరిక దానికి దొరకనూ లేదు.

కొత్త సినిమా ముహూర్తానికి నాలుగు రోజులుందనగా దొరికింది. లోపలిగదిలో ప్రింటర్ మొరాయిస్తే దాన్ని విప్పుకొని గంటకు పైగా కూర్చున్నాను. ముందుహాల్లో మేనేజర్, ఆయనతో పాటు సినిమా కొనడానికి కోస్తా నుంచి వచ్చిన ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లు కాఫీ తాగుతూ ముహూర్తం సంగతే మాట్లాడుకుంటున్నారు. హారతి అమ్మ ఇస్తుందిగా, ఇక ఫికరు లేదు అని ఎవరో అనడం వినబడింది. తరువాత ఏమీ వినబడలేదు. మాటలు ఆగిపోయిన ఆ తీరుకే చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టి లేచాను. తలుపులోంచి తొంగిచూస్తే తెరమీద పిన్ని ఎడమవైపు ఫోటో. నాకూ మౌస్‌కూ మధ్య పది అడుగులు. పరుగెత్తాను, మధ్యలో కుర్చీ తగిలింది, కుడివైపు ఫోటో వచ్చింది, వెనకవైపు వచ్చింది, నా చెయ్యి మౌస్ మీద పడేసరికి ఎదురుగా పిన్ని నవ్వుతూ ఉంది.

ఇక్కడ నా మూర్ఖత్వంలోకెల్లా పెద్ద మూర్ఖత్వం చెప్పాలి. అది సినిమా ఆఫీసు. అక్కడ తెగిన చెయ్యి ఫోటో కనిపించినా, ముక్కు లేని ముఖం కనిపించినా ఎవరూ ఉలిక్కిపడరు, మేకప్ ఎవరు చేశారని అడుగుతారు. మేనేజర్ కూడా అలాగే అడిగాడు. "ఏ సినిమాలోదయ్యా ఈ గెటప్పు? భలే కుదిరిందే." దేవుడు అంత పెద్ద తలుపు తెరిచిపెట్టాడు. ఏదో ఒక సినిమా పేరు చెబితే సరిపోయేది. అసలేమీ చెప్పకపోయినా సరిపోయేది. "గెటప్ కాదండీ" అన్నాను. "అది పర్సనల్ అండీ."

అబద్ధాలతో బతికే ఊళ్ళో ఆ ఒక్క పూట నిజం చెప్పినవాణ్ణి నేను. మేనేజర్ కాఫీ కప్పు కింద పెట్టాడు. డిస్ట్రిబ్యూటర్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దాయన మెల్లగా, "ముహూర్తం పూట ఇదేం దర్శనమండీ" అన్నాడు, అంతే.

మర్నాడు మేనేజర్ ఒక కాగితం ఇచ్చి, స్కాన్ చేసి మద్రాసులో ఉన్న నిర్మాతగారికి మెయిలు చేయమన్నాడు. ముహూర్తానికి రావలసిన ఆర్టిస్టుల జాబితా. నేనే టైపు చేసింది. అందులో పిన్ని పేరు మీద అడ్డంగా ఆకుపచ్చ గీత, పక్కన ఆకుపచ్చ అక్షరాలు. హారతికి ఈవిడ వద్దు. సెంటిమెంట్. వేరే ముత్తైదువను చూస్తున్నాం. ఆవిడకు చెప్పక్కర్లేదు, కారు పంపకపోతే సరిపోతుంది. నేను స్కాన్ చేశాను. పంపాను కూడా. అందినట్టు జవాబు వస్తే అది కూడా ప్రింటు తీసి ఇచ్చాను. పాత ఫ్యాక్సుల్లోని ఫోటోలు చెరిపేసి, ఆ స్కాన్ కాపీ మాత్రం ఒక ఫ్లాపీలో వేసుకొని జేబులో పెట్టుకున్నాను. ఎందుకో అప్పుడు నాకే తెలియదు.

ఇంటికెళ్ళి చెప్పాలి. చెప్పలేదు. ఆ మూడు రోజులూ పిన్ని పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చి తెప్పించుకుంది, హారతి పళ్ళెం చింతపండు పెట్టి తోమించింది, అక్క చేత విగ్గు దువ్వించి జడ వేయించింది. నేను అన్నం కలుపుకుంటూ, రేపు చెబుదాం అనుకుంటూ కూర్చున్నాను. ముహూర్తం పొద్దున ఏడింటికల్లా ఆమె తయారై మేడమీది వసారాలో కుర్చీ వేసుకుంది. మీకు తెలియనిదేముంది, ఆర్టిస్టుకు కంపెనీ కారు రావడమంటే ప్రయాణం కాదు, మర్యాద. కారు గేటు ముందు ఆగాలి, హారన్ కొట్టాలి, నాలుగిళ్ళవాళ్ళు తొంగిచూడాలి. ఎనిమిదైంది. ఎనిమిదిన్నరకు కింది వాటావాళ్ళు, ఇంకా రాలేదా అమ్మా అని అడిగారు. ట్రాఫిక్ అంది. తొమ్మిదికి ముహూర్తం దాటిపోయింది. విగ్గు కింద పట్టిన చెమట చెంపల మీదికి కారుతుంటే తుడుచుకోలేదు, బొట్టు చెదురుతుందని. పదింటికి తానే లేచి వెళ్ళి ఫోను చేసింది. మేనేజర్ గొంతు ఎంత తీయగా ఉందో నాకు దూరం నుంచే వినబడింది. షెడ్యూలు కాస్త అటూ ఇటూ అయిందమ్మా, మేమే చెప్తాం, మీరు విశ్రాంతి తీసుకోండి అన్నాడు.

విశ్రాంతి అన్న మాట దగ్గర ఆమెకు అర్థమైంది. ఫోను పెట్టేసి, గదిలో ఉన్న మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. బాబాయి ఎవరితోనూ మాట్లాడడు. నేను సొంత పిల్లాణ్ణి. మిగిలింది రోజుకొక సెట్టు తిరిగే అక్క.

"ఎంతమందికి చెప్పావే?" అంది పిన్ని.

అక్క చేతిలో దువ్వెన అట్లాగే ఉండిపోయింది. "నా పోరల మీద ఒట్టమ్మా, నేను ఎవ్వరికి చెప్పలే. పన్నెండేండ్ల సంది నీ తల దువ్విన చేతులివి. గిట్లెట్ల అనుకుంటివి?"

"రేపట్నుంచి రావద్దు."

నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. గడప మీద పసుపు రాలి ఉంటే దాన్ని చూస్తున్నాను. అక్క మెట్లు దిగి వెళ్ళేదాకా చూస్తూనే ఉన్నాను.

చెప్పడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో పిన్ని తన తల తానే కడుక్కుంది, విగ్గు తానే దువ్వుకోబోయి చిక్కులు చేసుకుంది. ఒక సాయంత్రం ఆ చిక్కు విప్పలేక దాన్ని ఒళ్ళో పెట్టుకొని ఊరికే కూర్చుంది. అది చూడలేక అంతా చెప్పేశాను, టిక్కు దగ్గర నుంచి కారు దాకా. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఒళ్ళోని విగ్గు తీసి పక్కన పెట్టింది. తరువాత, "నువ్వు గెటప్ అని ఉండాల్సిందిరా" అంది. "ఇన్నేళ్ళు నా ఇంట్లో ఉండి ఆమాత్రం యాక్టింగ్ నేర్చుకోలేదా?" మళ్ళీ కాసేపటికి, "ముందు వెళ్ళి దాన్ని పిలుచుకురా" అంది.

అక్క ఇల్లు ఎర్రగడ్డలో, రైతుబజారు వెనక సందులో. నన్ను చూసి లోపలికి రమ్మనలేదు. నేను చెప్పుకుంటూ పోతుంటే బియ్యం ఏరుతూనే విని, చివర్న తలెత్తింది. "నువ్వు గాడనే ఉంటివి కద తమ్మీ. దర్వాజ పక్కనే ఉంటివి. నన్ను అంత మాటన్నా ఒక్క మాట అనకపోతివి." ఆమె చేట పక్కన పెట్టి, "అమ్మ తల ఎవరు చూస్తున్నరు ఇప్పుడు?" అని అడిగింది. ఎవరూ చూడట్లేదన్నాను. చెప్పులు వేసుకుంది.

ఆ తరువాత పిన్ని రెండేళ్ళు బతికింది. కబుర్లు రాలేదని కాదు, వచ్చాయి. శవం పక్కన కూర్చుని ఏడ్చే వేషాలకు వచ్చాయి, తెల్లచీర కట్టుకొని హీరోకు అపశకునంగా ఎదురొచ్చే వేషానికి వచ్చింది. విగ్గు ఖర్చు కూడా మిగులుతుందట వాళ్ళకు అని నవ్వి, ఒక్కటీ ఒప్పుకోలేదు. ఉద్యోగం మానేస్తానని నేనంటే మానొద్దంది. నువ్వు కూడా వెళ్ళిపోతే అక్కడ నా సంగతి తెలిసిన మంచివాడెవడుంటాడురా అంది. మంచివాడు అన్నప్పుడు ఆమె వేళాకోళమాడిందో నిజంగా అందో నేను తేల్చుకోలేకపోయాను. ఆ ఇత్తడి పళ్ళెం దేవుడి గూట్లో నల్లబడింది. చివరి నెలల్లో అక్క రోజూ వచ్చి, జుట్టు లేని ఆ తలకు కొబ్బరినూనె రాసి, అలవాటు కొద్దీ మెడ వెనక జడ కోసం చేయి చాపి, ఆపుకొనేది.

ఇప్పుడు ఆ ఆఫీసు లేదు. అక్కడ బట్టల దుకాణం వచ్చింది. శ్రీనగర్ కాలనీలో మేము ఉన్న వాటా పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. గాజు మీద మచ్చపడే తెరలూ పోయాయి, వాటిని కాపాడవలసిన పనీ పోయింది, అయినా ఫోటోలు తిప్పే బుద్ధి మాత్రం యంత్రాలకు పోలేదు. జ్ఞాపకాలు అని ముద్దుగా పేరు పెట్టి ఫోనూ చూపిస్తుంది, టీవీ చూపిస్తుంది, ఏ పూట ఎవరి ముందు ఏది చూపాలో అదే నిర్ణయిస్తుంది. అప్పట్లో దాచుకోవడం మన పని, బయటపెట్టడానికి ఎవరో పూనుకోవాలి. ఇప్పుడు బయట ఉండడమే మామూలు, దాచుకోవాలంటే పది గడులు వెతికి టిక్కులు తీసుకుంటూ పోవాలి. మొన్న ప్లగ్గు పీకాక, కళ్ళజోడు పెట్టుకొని కూర్చుని ఆ టీవీలో ఒక్కొక్క గడీ చదివి తీసేసరికి సాయంత్రమైంది. మా ఆవిడ, ఏం పరీక్ష రాస్తున్నారండీ అంది. తప్పిన పరీక్షే, మళ్ళీ రాస్తున్నాను అన్నాను.

అన్నట్టు, నా జీవితంలో ప్రతి గడీ చదివి స్క్రీన్ సేవర్ పెట్టిన సందర్భం అంతకు ముందు ఒక్కటే ఉంది.

పిన్ని పోయిన పదిహేనో రోజున ఫిల్మ్ నగర్‌లో ఒక హాల్లో సంతాప సభ పెట్టారు. పెట్టింది మా సంస్థే. మేనేజర్ అప్పటికి నిర్మాణంలో భాగస్వామి అయ్యాడు. నన్ను పిలిచి, "మీ పిన్నిగారే కదయ్యా, స్టిల్స్ అన్నీ కలిపి తెరమీద వేయి, నీ చేతి మీదుగా అయితే నిండుగా ఉంటుంది" అన్నాడు. వేశాను. తెనాలి నాటకాల నుంచి మొదలుపెట్టి, హారతి పళ్ళెం పట్టుకున్న స్టిల్ దగ్గర ఆపాను. ఉపన్యాసాలు జరుగుతున్నంతసేపూ ఆ బొమ్మ వెనక ఉంటుందని చెప్పాను. ఒక ల్యాప్‌టాప్, వేదిక పక్కన చిన్న బల్ల, బల్ల దగ్గర నేను. ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే స్క్రీన్ సేవర్ వస్తుంది. అన్ని టిక్కులూ తీసేసి, ఒకే ఒక్క బొమ్మ ఉంచాను. ఫ్లాపీలోది. అందులో జబ్బు మాట లేదు, జుట్టు మాట లేదు, అది రెండుసార్లు చూసుకున్నాకే పెట్టాను. మేనేజర్ ఏ సభలోనూ పావుగంటకు తక్కువ మాట్లాడిన దాఖలా లేదు.

అమ్మ చేయి బంగారమన్నాడు. ఆమె హారతి లేనిదే మా సంస్థలో కెమెరా తిరిగేది కాదన్నాడు. చివరి క్షణం దాకా ఆమెను మేము వదలలేదు, మమ్మల్ని ఆమె వదలలేదు అని గొంతు జీరబోయేలా అంటున్నప్పుడు ఆయన వెనక తెర ఒకసారి నల్లబడి, ఆకుపచ్చ గీత కొట్టిన పిన్ని పేరూ, ఆ పక్కన ఆయన దస్తూరీ, తలుపంత అక్షరాలతో వెలిగాయి. ఆయనకు కనపడదు. జనం తలలు ఒక్కసారిగా పైకి లేవడం చూసి, తన మాటలు పనిచేస్తున్నాయనుకొని ఇంకాస్త సాగదీశాడు. మూడో వరసలో చదువు రాని అక్క, పక్కనే కూర్చున్న బాబాయి వైపు తిరిగి, "ఏం రాసున్నది సారూ గాడ?" అని అడిగింది. ముప్పై ఏళ్ళు ప్రూఫులు చదివిన మా బాబాయి కళ్ళజోడు సవరించుకొని, ఎప్పటిలాగే హెచ్చూ తగ్గూ లేని గొంతుతో చదివాడు. "హారతికి ఈవిడ వద్దు ఫుల్‌స్టాప్. సెంటిమెంట్ ఫుల్‌స్టాప్. వేరే ముత్తైదువను చూస్తున్నాం ఫుల్‌స్టాప్. ఆవిడకు చెప్పక్కర్లేదు కామా, కారు పంపకపోతే సరిపోతుంది ఫుల్‌స్టాప్."

హాలు నిశ్శబ్దంగా ఉంది గనక చివరి వరస దాకా వినబడింది. మేనేజర్ వెనక్కి తిరిగాడు. ఎవరో నా భుజం తట్టి, మౌస్ కదపండి, మౌస్ కదపండి అని గొణిగారు. కదిపితే పోతుంది, నాకు తెలుసు. ఆ రోజు అది పది అడుగుల దూరంలో ఉండింది, పరుగెత్తినా అందలేదు. ఈ రోజు నా చేతి కిందే ఉంది. చేతులు కట్టుకొని కూర్చున్నాను.